ఛాంపియన్ వయసు శనివారం సాయంత్రం తెలుస్తుంది

2026 సంక్రాంతికి ఊరొచ్చిన కుర్రాళ్లతో అమలాపురం, పాలకొల్లు, భీమవరం టీకొట్లు కిటకిటలాడే రోజులివి. కోడిపందేలు, కొత్త సినిమాలు, అమెరికా వీసాల కబుర్లు అయ్యాక ఈసారి మా వైపు ఇంకో తగువు కూడా నడుస్తోంది. ఫార్ములా వన్ (ఎఫ్1) కారు రేసుల డ్రైవర్ లూయిస్ హామిల్టన్ ఇంక రిటైరై దిగిపోవాలా, వద్దా? బెంగళూరులో ఉద్యోగం చేసే కుర్రాడొకడు "పరువుండగానే తప్పుకోవాలి బాబాయ్, ఏడు టైటిళ్లు కొట్టినోడికి ఈ ఖర్మేంటి?" అన్నాడు. ఆ బాబాయ్ గారికి రొయ్యల చెరువులున్నాయి, ఆదివారం సాయంత్రం ఆరున్నర అయితే ఫోన్‌లో రేసులు చూపించే ఫ్యాన్‌కోడ్ యాప్ పెట్టుకుని కూర్చుంటారు. ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు: "ఆయన సీటు, ఆయన ఒళ్లు. దిగమనడానికి నువ్వెవడివిరా?"

ఇద్దరి మాటా సబబుగానే ఉంది. ఎందుకంటే ఇద్దరూ జవాబు చెప్తున్నది ఒకే ప్రశ్నకు కాదు. "రిటైర్ అవ్వాలా" అన్న ఒక్క ప్రశ్నలో కనీసం నాలుగు చుట్టుకుని ఉన్నాయి. మనిషి నిజంగా నెమ్మదించాడా? నెమ్మదిస్తే ఆ సీటు ఇంకొకరికి ఇవ్వాలా? ప్రాణానికి ముప్పుందా? పేరు పాడవుతుందా? వాదన పెరిగేకొద్దీ ఒకరు మొదటిదాంట్లో ఉంటే ఇంకొకరు నాలుగోదానికి దూకుతారు. చిక్కంతా అక్కడే.

ముందు హామిల్టన్ సంగతి. 1985 జనవరి 7న పుట్టాడు, అంటే 2026 జనవరికి 41 నిండాయి. ఏడుసార్లు ప్రపంచ ఛాంపియన్, 105 గ్రాండ్‌ప్రి (ఆదివారం జరిగే అసలు రేసు) విజయాలు. అన్ని గెలుపులు ఇంకెవరికీ లేవు. మెర్సిడెస్ జట్టులో పన్నెండు సీజన్లు నడిపి 2025లో ఫెరారీ జట్టుకి మారాడు. మార్చిలో చైనాలో స్ప్రింట్ అనే పొట్టి రేసు గెలిచేసరికి అభిమానులు ఎగిరి గంతేశారు. ఆ తర్వాత ఏడాది పొడుగునా ఒక్క గ్రాండ్‌ప్రిలోనూ పోడియం ఎక్కలేదు, అంటే మొదటి మూడు స్థానాల్లో రాలేదు. ఆగస్టులో హంగరీలో టీమ్‌మేట్ చార్లెస్ లెక్లెర్ పోల్ (రేసుని మొదటి స్థానం నుంచి మొదలుపెట్టే హక్కు) కొట్టిన రోజున హామిల్టన్ పన్నెండో స్థానంతో సరిపెట్టుకున్నాడు. తాను పనికిరాకుండా పోయానని, జట్టు బహుశా డ్రైవర్‌ని మార్చుకోవాలని తన నోటితో తనే అన్నాడు. ఏడాది చివరి మూడు గ్రాండ్‌ప్రిల్లో క్వాలిఫయింగ్ (రేసు ఎవరు ఎన్నో స్థానం నుంచి మొదలుపెట్టాలో తేల్చే పోటీ) మొదటి దశ కూడా దాటలేదు.

ఇప్పుడు ఫెర్నాండో అలొన్సోని చూడండి. హామిల్టన్ కంటే మూడున్నరేళ్లు పెద్ద, 44 ఏళ్లు. చివరిసారి రేసు గెలిచింది 2013లో, స్పెయిన్‌లో. ఎఫ్1లో 400 గ్రాండ్‌ప్రిల మైలురాయి చేరుకున్న మొదటి డ్రైవర్ ఇతనే. 2001లో ఇతను మొదటి రేసు నడిపేనాటికి, ఇప్పుడు మెర్సిడెస్‌లో నడుపుతున్న కిమీ ఆంటొనెల్లి ఇంకా పుట్టనే లేదు, పుట్టడానికి ఐదేళ్లు ఉంది. అయినా అలొన్సోని దిగిపొమ్మని గొడవ చేసేవాళ్లు తక్కువ. గెలవక పన్నెండేళ్లు దాటినవాణ్ని వదిలేసి, 2024లో రెండు రేసులు గెలిచినవాణ్ని దిగమంటున్నారంటే గొడవ వయసు గురించి కాదన్నమాట.

గొడవ పక్క కారు గురించి. ఎఫ్1లో కారు బాగా లేకపోతే ఎంత గొప్పవాడైనా పదో స్థానానికి దేకాల్సిందే. కాబట్టి మనిషిని కారు నుంచి విడదీసి కొలవడానికి ఉన్న కొలబద్ద ఒక్కటే, అదే కారు నడిపే టీమ్‌మేట్. హామిల్టన్ పక్కన ఉన్నది లెక్లెర్. ఒక్క ల్యాప్‌లో అతన్ని మించినవాళ్లు ఇప్పుడు చాలా తక్కువ. ఆస్టన్ మార్టిన్ జట్టులో అలొన్సో పక్కన ఉన్నది లాన్స్ స్ట్రోల్, జట్టు యజమాని కొడుకు. ఒకాయనకి కొలబద్ద మరీ పొడుగు, ఇంకొకాయనకి మరీ పొట్టి. ఈ తేడా లెక్కలోకి తీసుకోకుండా పాయింట్ల పట్టిక చూసి వయసు చెప్పేవాళ్ల మాట పట్టించుకోనక్కర్లేదు.

మరి వయసు అసలు ఏం చేస్తుంది? మనవాళ్లు ముందుగా అనేది "రియాక్షన్ తగ్గిపోతుందండీ" అని. కొంత నిజమే, చూసిన వెంటనే స్పందించే వేగం ఇరవైలు దాటాక నెమ్మదిగా తగ్గడం మొదలవుతుంది. కానీ తగ్గేది మిల్లీసెకన్లలో. గంటకు 300 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 83 మీటర్లు పోతుంది, పది మిల్లీసెకన్లలో 83 సెంటీమీటర్లు. ఏమీ కాదని అనలేం గానీ, డ్రైవర్ మలుపు చూసి స్పందించడు, మలుపు రాకముందే చేతులు కాళ్లు సిద్ధం చేసుకుని ఉంటాడు. సంవత్సరాల తరబడి తిరిగిన సర్క్యూట్‌లో అనుభవం ఆ మిల్లీసెకన్లను మింగేస్తుంది. నిజంగా ఎదురుచూసి స్పందించాల్సింది స్టార్ట్ లైట్లు ఆరినప్పుడు. అలొన్సో స్టార్ట్‌లు ఇప్పటికీ చూడముచ్చటగా ఉంటాయి.

ఒళ్లు సంగతి వేరే. వేగమైన మలుపుల్లో ఐదు జీ దాకా, అంటే ఒంటి బరువుకి ఐదింతల బలంతో, పక్కకు లాగుతుంది. తల, హెల్మెట్ కలిపి ఆరున్నర కిలోలు అనుకుంటే మెడ మీద ముప్పై కిలోలు దాటిన లాగుడు, ప్రతి ల్యాప్‌లో, ప్రతి పెద్ద మలుపులో. సింగపూర్ లాంటి చోట్ల ఒక్క రేసులో రెండు మూడు కిలోల చెమట పోతుంది. ఉక్కపోత అంటే ఏమిటో కోనసీమ వాళ్లకు చెప్పక్కర్లేదు గానీ, దాంట్లో నిప్పు తట్టుకునే బట్టలు తొడుక్కుని రెండు గంటలు కూర్చోవాలి. 2023 ఖతార్ రేసులో వేడికి ఎస్టెబాన్ ఒకాన్ హెల్మెట్‌లోనే వాంతి చేసుకున్నాడు, లోగన్ సార్జెంట్ రేసు మధ్యలో కారు ఆపేశాడు. ఒకాన్ వయసు అప్పుడు 27, సార్జెంట్‌ది 22. అదే రేసులో 42 ఏళ్ల అలొన్సో చివరిదాకా నడిపి ఆరో స్థానంలో వచ్చాడు. కాబట్టి నలభైల్లో ఉన్న ఛాంపియన్ ఒళ్లు చాలదని తేలిగ్గా అనలేం. ఇప్పటి ట్రైనర్లు, తిండి, నిద్ర లెక్కలు ఓ పదేళ్లు కొనిపెట్టాయి.

వయసు మొదట బయటపడేది శనివారం. ఆదివారం కాదు. శనివారం క్వాలిఫయింగ్, ఒకే ల్యాప్, కొత్త టైర్లు, ఉన్నదంతా ఊడ్చి పెట్టేయాలి. ఆదివారం రేసులో టైర్లు కాపాడుకోవడం, వ్యూహం, ఓర్పు, అన్నీ లెక్కలోకి వస్తాయి. ముదిరిన ఛాంపియన్ శనివారం పోగొట్టుకున్నది ఆదివారం వెనక్కి తెచ్చుకుంటాడు. దీనికి 1984ని మించిన సాక్ష్యం లేదు. మెక్‌లారెన్‌లో నికీ లౌడా, అలాన్ ప్రోస్ట్ టీమ్‌మేట్లు. లౌడాకి 35, ప్రోస్ట్ ఆరేళ్లు చిన్న. శనివారాల్లో ప్రోస్ట్ దాదాపు ప్రతిసారీ ముందుండేవాడు. రేసులు కూడా ప్రోస్ట్ ఏడు గెలిస్తే లౌడా ఐదే గెలిచాడు. ఆఖరి రేసు పోర్చుగల్‌లో ఎస్తొరిల్. లౌడా పదకొండో స్థానం నుంచి మొదలుపెట్టి, ప్రోస్ట్ వెనకే రెండోవాడుగా వచ్చి, సరిగ్గా అర పాయింట్ తేడాతో టైటిల్ ఎగరేసుకుపోయాడు. 72కి 71.5. ఇంకో విశేషం, ఇదే లౌడా 1979లో విసుగొచ్చి కారు దిగి వెళ్లిపోయి, 1982లో తిరిగొచ్చిన మనిషి.

హామిల్టన్ మెర్సిడెస్‌లో గడిపిన ఆఖరి ఏడాది కూడా అచ్చం ఈ తరహాలోనే నడిచింది. 2024లో శనివారాల లెక్క చూస్తే టీమ్‌మేట్ జార్జ్ రస్సెల్ 19 సార్లు ముందు, హామిల్టన్ 5 సార్లు. చూస్తే చిత్తుగా ఓడినట్టే. కానీ ఏడాది పాయింట్లు రస్సెల్‌కి 245, హామిల్టన్‌కి 223. విజయాలు చెరో రెండు. 945 రోజుల తర్వాత సిల్వర్‌స్టోన్‌లో గెలిచింది ఆ ఏడాదే. లాస్ వెగాస్‌లో పదో స్థానం నుంచి రెండో స్థానానికి వచ్చిందీ ఆ ఏడాదే. ఆదివారం ఇంకా సాగుతోంది, శనివారం జారిపోతోంది.

ఎందుకు జారుతుందో అర్థం కావాలంటే బ్రేకింగ్ దగ్గరికి వెళ్లాలి. ఇటలీలోని మోంజా సర్క్యూట్ మొదటి మలుపు తీసుకోండి. గంటకు 340 కిలోమీటర్లు దాటిన వేగంతో వచ్చి, వంద మీటర్లకు కాస్త అటూ ఇటూగా 80 చిల్లరకి దించాలి. మొదటి తొక్కుడులోనే పెడల్ మీద వంద కిలోలు దాటిన బలం పడాలి. ఆ వేగంలో గాలి కారుని నేలకేసి నొక్కి పట్టి ఉంచుతుంది కాబట్టి టైర్ జారదు. కానీ వేగం పడిపోతున్నకొద్దీ ఆ నొక్కుడూ పడిపోతుంది. పాదం కూడా అదే లెక్కలో పెడల్‌ని వదులుతూ రావాలి. ఒక్క వెంట్రుకవాసి ఆలస్యమైతే ముందు టైర్ లాకై పొగ లేస్తుంది. కాస్త ముందే వదిలితే పదోవంతు సెకను గాల్లో కలిసిపోతుంది. ఈ లోగా స్టీరింగ్ తిప్పడం మొదలవ్వాలి, వెనక చక్రాలను ఇంజిన్ ఎంత పట్టి ఉంచుతోందో వీపుకి తెలియాలి. ఇదంతా ఆలోచించి చేసే పని కాదు. వేల ల్యాప్‌లు తిరిగాక పాదానికి పట్టుబడుతుంది.

ఆ పట్టుబడిన పాదమే ముసలి ఛాంపియన్‌కి బలం, అదే ఉరి కూడా. కారు మారనంతకాలం బలం. కారు మారిన రోజున పాదం పాత లెక్కనే చెప్తుంది. హామిల్టన్‌కి 2022లో మొదటి దెబ్బ తగిలింది. నిబంధనలు మారి కార్లు నేలని అంటిపెట్టుకుని, గట్టి సస్పెన్షన్‌తో పరిగెత్తడం మొదలైంది. బాగా లోపలిదాకా వెళ్లి, గట్టిగా బ్రేక్ వేసి, కారు వెనకభాగాన్ని తిప్పుకుంటూ మలుపులో దూరే అతని పద్ధతికి ఆ కార్లు ఒప్పుకోలేదు. ఫెరారీకి వచ్చాక బ్రేకులు మారాయి, ఇంజిన్ బ్రేకింగ్ వాడే పద్ధతి మారింది, స్టీరింగ్ మీద మీటలూ మారాయి. పైగా సిమ్యులేటర్ (రేసు కారుని తెర ముందు కూర్చుని నడిపే యంత్రం) తనకు అంతగా పడదని చాలాకాలంగా చెప్తున్న మనిషి. ఆంటొనెల్లి తరం పెరిగిందే సిమ్యులేటర్లలో.

మైకేల్ షుమాకర్ కథ ఇంకా స్పష్టంగా చెప్తుంది. 2006లో 91 విజయాలతో తప్పుకుని, 2010లో 41 ఏళ్ల వయసులో మెర్సిడెస్‌తో తిరిగొచ్చాడు. అందరూ వయసు వయసు అన్నారు. కానీ ఆయన వెళ్లిపోయిన ఆట ఒకటి, వచ్చిన ఆట ఒకటి. ఫెరారీలో ఉన్నప్పుడు సొంత ట్రాక్ ఫియరానోలో ఎంత తిరిగితే అంత టెస్టింగ్. 2009 నుంచి సీజన్ మధ్యలో టెస్టింగ్ ఆపేశారు. 2010లో రేసు మధ్య పెట్రోల్ నింపడం ఎత్తేశారు, ముందు టైర్ల వెడల్పు తగ్గించారు. కారు ముక్కు పదునుగా తిరగాలని కోరుకునే మనిషికి అది చేతులు కట్టేసినట్టే. ఆ ఏడాది టీమ్‌మేట్ నికో రాస్‌బర్గ్ 142 పాయింట్లు, షుమాకర్ 72. అయితే 2012 మొనాకో క్వాలిఫయింగ్‌లో అందరికంటే వేగంగా తిరిగింది ఎవరనుకున్నారు? 43 ఏళ్ల షుమాకరే. అంతకుముందు రేసులో ఢీకొట్టినందుకు పడిన శిక్ష వల్ల ఐదు స్థానాలు వెనక్కి పోయాడు. అంటే వేగం చచ్చిపోలేదు, కొత్త కారుకి తగ్గట్టు పాదం మారడానికి రెండేళ్లు పట్టింది.

మరి ఇది వయసు జబ్బేనా? పూర్తిగా కాదు. 2013లో వరసగా తొమ్మిది రేసులు గెలిచి నాలుగో టైటిల్ పట్టిన సెబాస్టియన్ వెటెల్, 2014లో హైబ్రిడ్ కార్లు రాగానే ఒక్క రేసూ గెలవలేదు. అదే జట్టులో కొత్తగా వచ్చిన రికియార్డో మూడు గెలిచాడు. వెటెల్‌కి అప్పుడు 27 ఏళ్లే. కారు మారితే కుర్రాడూ తడబడతాడు. తేడా ఏమిటంటే కుర్రాడి దగ్గర నేర్చుకోవడానికి టైమ్ ఉంటుంది, మర్చిపోవాల్సింది తక్కువ ఉంటుంది. అందుకని "ఎన్నేళ్లు?" అని అడగడం మానేసి "ఇంకా నేర్చుకుంటున్నాడా?" అని అడిగితే లెక్క తేలుతుందని నా నమ్మకం. అలొన్సోని మెచ్చుకోవాల్సింది ఇక్కడే. 2018 చివర ఎఫ్1 వదిలి 24 గంటల లె మాన్స్ రేసు నడిపాడు, అమెరికాలో ఇండీ 500 రేసుకి ప్రయత్నించాడు, 2020లో డకార్ ర్యాలీ ఇసుకలో తిరిగాడు, 2021లో వెనక్కొచ్చాడు. ఏ బండి ఇచ్చినా పాదం మార్చుకునే అలవాటు పోగొట్టుకోలేదు. 2023లో ఆస్టన్ మార్టిన్‌లో ఎనిమిది పోడియంలు ఊరికే రాలేదు.

మన బండలాగుడు పోటీల్లో ఈ తలనొప్పి లేదు. ఎద్దు నోరు తెరిచి పళ్లు చూస్తారు. రెండు పళ్ల జతలు ఒక విభాగం, నాలుగు పళ్లవి ఇంకోటి, ఆరు పళ్లవి మరోటి. పళ్లన్నీ వచ్చిన ముదురు జతలకు వేరే పోటీ, వేరే బహుమతి. ఎఫ్1లో పళ్లు చూసే ఏర్పాటు లేదు. ఆంటొనెల్లికీ అలొన్సోకీ ఒకే గీత, ఒకే లైటు.

కాబట్టి రెండో ప్రశ్న వస్తుంది, సీటు. 2026లో పదకొండు జట్లు, 22 సీట్లు. ప్రపంచం మొత్తానికి అంతే. పెద్దాయన ఒకరు కూర్చుంటే ఒక కుర్రాడు బయట నిలబడతాడన్నది నిజం. కానీ ఖాళీ అయిన సీటు కుర్రాడికే పోతుందన్న గ్యారంటీ లేదు. కొత్తగా వచ్చిన కాడిలాక్ జట్టు ఎవరిని తీసుకుందో చూడండి. సెర్గియో పెరెజ్, వాల్టెరి బొటాస్. ఇద్దరూ ముప్పై అయిదు దాటినవాళ్లే, ఇద్దరూ 2025లో సీటు లేక కూర్చున్నవాళ్లే. కారు ఇంకా పుట్టకముందు అది ఎక్కడ తప్పుగా పోతోందో చెప్పగల మనిషి కావాలి. ఆ పని పద్దెనిమిదేళ్లవాడు చేయలేడు. దానికి తోడు స్పాన్సర్లు, టీషర్టులు, టీవీ. హామిల్టన్‌ని ఫెరారీ తీసుకున్నది ఒక్క స్టాప్‌వాచ్ చూసి కాదు.

అసలు ఎఫ్1 నిర్దాక్షిణ్యం ముసలివాళ్ల మీద కంటే కుర్రాళ్ల మీదే ఎక్కువ. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్ సాగర్ ఒడ్డున కరెంటు కార్ల ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు మా వైపు నుంచీ కొందరు రైలెక్కి వెళ్లి చూసొచ్చారు. గెలిచింది జాన్ ఎరిక్ వెర్న్. ఆ వెర్న్‌ని 2014 చివర్లో ఎఫ్1 జట్టు వదిలేసినప్పుడు అతని వయసు 24. ఆ తర్వాత ఫార్ములా ఈలో రెండుసార్లు ఛాంపియన్ అయ్యాడు. మన నరేన్ కార్తికేయన్ కూడా ఎఫ్1 అయ్యాక జపాన్ వెళ్లి 2019లో కూడా రేసు గెలిచాడు. ఎఫ్1 నుంచి దిగడం అంటే రేసింగ్ నుంచి దిగడం కానే కాదు. ఈ సంగతి మన తగువుల్లో ఎవరికీ గుర్తురాదు.

ప్రాణం ముప్పు గురించి ఎక్కువ చెప్పను, కాలం మారింది. 1973లో జాకీ స్టీవార్ట్ ఆ సీజన్‌తో ఆపేద్దామని ముందే నిశ్చయించుకున్నాడు. వందో రేసు ముందు ప్రాక్టీస్‌లో తన టీమ్‌మేట్ ఫ్రాన్స్వా సెవెర్ చనిపోతే, ఆ రేసు కూడా నడపకుండా 99తో ముగించాడు. అప్పట్లో రిటైర్మెంట్ అంటే బతికి బయటపడడం. ఇప్పుడు డ్రైవర్ తలని కాపాడే హాలో అనే కమ్మీ ఉంది, 2020 బహ్రెయిన్ రేసు మంటల్లోంచి డ్రైవర్ గ్రోజాన్ ప్రాణాలతో బయటికొచ్చాడు. బైకుల్లో మాత్రం ఈ లెక్క ఇంకా కఠినం. బైక్ రేసర్ మార్క్ మార్కెజ్ 2020లో చెయ్యి విరిగి, ఆపరేషన్ల మీద ఆపరేషన్లయి, 2019 టైటిల్ తర్వాత ఆరేళ్లకు 2025లో మళ్లీ ఛాంపియన్ అయ్యాడు. టైటిల్ ఖాయమైన మరుసటి రేసులోనే మళ్లీ పడి భుజం గాయం చేసుకున్నాడు. ఎముక అతుక్కునే వేగం వయసుతో తగ్గుతుంది, అది ట్రైనర్ కొనిపెట్టలేనిది.

ఇక పరువు. బెంగళూరు కుర్రాడి బాధ అదే, నాకూ కొంత ఉంది. గ్రాహం హిల్ మొనాకోలో ఐదుసార్లు గెలిచినవాడు, 1975లో అదే మొనాకోలో క్వాలిఫై కూడా కాలేకపోయాడు. చూసినవాళ్లకు కడుపు తరుక్కుపోయి ఉంటుంది. కానీ ఈరోజు హిల్ పేరెత్తితే ఎవరైనా చెప్పేది ఎఫ్1, ఇండీ 500, లె మాన్స్ మూడూ గెలిచిన ఒకే ఒక్కడని. బైక్ రేసర్ వాలెంటినో రోసీ ఆఖరి టైటిల్ 2009లో, ఆఖరి విజయం 2017లో, దిగింది 2021లో, 42 ఏళ్లకి. ఆఖరి ఏడాది ఒక్క పోడియమూ లేదు. అయినా రావులపాలెం సెంటర్లో కాసేపు నిలబడితే ఆయన నంబరు, పసుపు రంగు 46 స్టిక్కర్ అతికించిన బండి కనిపించకపోదు. ఆఖరి మూడేళ్లు ఆ స్టిక్కర్‌ని ఊడగొట్టలేదు. రికార్డు పుస్తకంలో ఉన్నది చెరగదు. చెరిగేది మనం మనసులో దాచుకున్న బొమ్మ. దాన్ని కాపాడడం కోసం ఇంకొకాయన ఉద్యోగం మానుకోవాలనడం అభిమానమా, స్వార్థమా? నా వరకూ రెండోదే అంటాను.

టైటిల్ గెలిచిన ఐదు రోజులకే 31 ఏళ్ల వయసులో వెళ్లిపోయిన నికో రాస్‌బర్గ్‌ని అందరూ ఆదర్శం అంటారు. అది ఆయన తత్వం. 46 ఏళ్లకు ఐదో టైటిల్ గెలిచిన ఫాంజియో ఆ సలహా విని ఉంటే మనకు 1957 ఉండేది కాదు.

అయితే హామిల్టన్ ఉండిపోవాలా? ఈ ఏడాది ఉండాలి. 2026లో నిబంధనలు మొత్తం మారుతున్నాయి. అతనికి పడని నాలుగేళ్ల నాటి కార్లు పోయి, కాస్త చిన్నవి, తేలికైనవి వస్తున్నాయి. ఇంజిన్ శక్తిలో దాదాపు సగం బ్యాటరీ నుంచి. వేగం తగ్గించేటప్పుడు ఆ బ్యాటరీని నింపడానికి ఎలక్ట్రిక్ మోటారే వెనక చక్రాలను గట్టిగా పట్టుకుంటుంది, అంటే బ్రేకింగ్ అందరికీ కొత్త పాఠం. 19 ఏళ్లవాడూ 44 ఏళ్లవాడూ ఒకేసారి పలక పట్టుకుని కూర్చుంటారు. ఇంత నికార్సయిన పరీక్ష ముందు పెట్టుకుని దిగిపొమ్మనడం అన్యాయం. కానీ ఆ పరీక్షలో కూడా శనివారాల్లో లెక్లెర్‌తో తేడా ఏడాది మధ్యకు వచ్చేసరికి తగ్గకపోతే, పోతున్నది బ్రేకింగ్ మలుపుల్లోనే అయితే, కారు మీద నెపం వేయడానికి ఇంక ఏమీ మిగలదు. అప్పుడు దిగాలి.

మార్చి మొదటి వారంలో మెల్‌బోర్న్‌తో సీజన్ మొదలు. అక్కడి క్వాలిఫయింగ్ మనకు ఉదయమే పడుతుంది. మొదటి మూడు నాలుగు రేసులు చూసి తీర్పు చెప్పకండి, అన్ని జట్లూ కారుని అర్థం చేసుకునే పనిలోనే ఉంటాయి. యూరప్ రేసులకు వచ్చాక శనివారం సాయంత్రం ఏడున్నరకు టైమింగ్ పట్టికలో రెండు ఫెరారీల సెక్టార్ టైమ్‌లు (ల్యాప్‌ని మూడు ముక్కలు చేసి ఒక్కోదానికి కొలిచిన టైమ్) పక్కపక్కన పెట్టి చూడండి. పెద్ద బ్రేకింగ్ ఉన్న సెక్టార్‌లో తేడా ఎంతో అదొక్కటి చాలు. అలొన్సో విషయంలో ఆ సౌకర్యం కూడా లేదు. పేరుమోసిన డిజైనర్ ఏడ్రియన్ న్యూయీ గీసిన కారు, హోండా ఇంజిన్, ఒప్పందం ముగిసే ఏడాది, అన్నీ కలిసొచ్చాయి గానీ, పక్కన స్ట్రోల్ ఉన్నంతకాలం ఆయన ఎంత ముదిరాడో స్టాప్‌వాచ్ చెప్పలేదు.